తుంటి ఎముక మీద పట్టీ

కోయంబత్తూరు, గణపతి.

చిరంజీవి కయల్‌కు అప్పా దీవెనలు. ఇక్కడ అమ్మా నేనూ ఒంట్లో బాగానే ఉన్నాం. ఉండేది ఒకే ఇంట్లో కాబట్టి ఇద్దరి సంగతీ నేనే రాస్తున్నాను. మలేషియాలో, ఆ జొహోర్‌లో నువ్వు వేళకు తింటున్నావని అనుకుంటాను. నీ ఉత్తరంలో ఆ ఊసే లేదు గనక అనుకోవడం తప్ప చేసేదేమీ లేదు.

ఉత్తరం ఇంటికి కాకుండా షెడ్డు అడ్రసుకు రాసి మంచి పని చేశావు. ఫోన్ అయితే మీ అమ్మ స్పీకర్ పెట్టి పక్కనే కూర్చుంటుంది. ఇప్పటికీ నాతో నేరుగా మాట్లాడదు. అన్నం చల్లారుతోందని గ్రైండర్‌తో చెబుతుంది, నేను వచ్చి తింటాను. ఇన్నేళ్ళలో ఆ గ్రైండర్‌కు మా కాపురం సంగతులన్నీ తెలిసిపోయాయి.

మొన్న దేవసహాయం సార్ వచ్చాడు. రేసు క్లబ్బులో బండ్లు తనిఖీ చేసే పని మానేశాడట, మోకాళ్ళ నొప్పులు. నేను లేతు మీద పంపు బాడీలకు బోర్లు తొలుచుకుంటూ ఉంటే స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“ఏం మయిలస్వామీ, ఇంకా పంపులేనా? బయట పిల్లకాయలు కారులో సీటు బెల్టులు బిగించుకునే తీరు చూస్తే నీకు అన్నం సయించదు. ఒకడు భుజం పట్టీలు సీటు వెనక నేలకు బిగించాడయ్యా. అందంగా ఉందట.”

“నా చేత బిగించుకోవడానికి ఎవడొస్తాడు సార్?”

“నేనొస్తా. బండి లేదు, అదొక్కటే లోటు.”

ఆయన నవ్వాడు గానీ, మూల టార్పాలిన్ కింద ఉన్న దానివైపు చూడకుండా వెళ్ళాడు. అందరూ అంతే. మీ అన్న కదిర్ రేసు కారు ఇంకా అక్కడే ఉంది కయల్. ఇంజను తీసేశారు, చక్రాలు లేవు, సీటు మాత్రం ఉంది. అమ్మేయమంటే మీ అమ్మ ఒప్పుకోదు, నాకూ మనసు రాదు.

ఇక నువ్వు అడిగినవాటికి వస్తాను. “కోపం తెచ్చుకోకు అప్పా, నా బెల్టులు ఇక్కడి మనిషి బిగిస్తాడు. ఎలా చూసుకోవాలో చెప్తే చాలు. మొదటి రేసుకు అమ్మ వస్తుంది, నువ్వు రానక్కర్లేదు” అని రాశావు. కోపం రాలేదు. ఆ పూట పని మాత్రం సాగలేదు.

ముందు బండిలో గొట్టాల కేజ్ ఉందో లేదో చూడు. లేకపోతే ఈ రేసు బెల్టుల మాటే వద్దు, కంపెనీ బెల్టే పెట్టుకో. ఈ పట్టీలు మనిషిని నిటారుగా కట్టేస్తాయి. బండి పల్టీ కొట్టి పైకప్పు లోపలికి దిగితే, తల వంచుకోవడానికి కూడా వీలుండదు. వెనక్కి వాలే మామూలు సీటు కూడా పనికిరాదు, భుజం పట్టీలకు కన్నాలున్న గట్టి సీటే కావాలి.

భుజం పట్టీలు వెనక అడ్డగొట్టానికి చుట్టాలి. భుజం నుంచి ఆ గొట్టం దాకా పట్టీ సమంగా పోవాలి, లేదా రవ్వంత కిందికి దిగాలి. దేవసహాయం సార్ చెప్పిన ఆ పిల్లవాడిలా నేలకు బిగిస్తే, గుద్దుకున్నప్పుడు పట్టీ భుజాన్ని కిందికి లాగుతుంది. అప్పుడు దెబ్బంతా వెన్నుపూస మీదే. గొట్టం నీ సీటుకు ఎంత దగ్గరుంటే అంత మేలు, పట్టీ పొడుగైన కొద్దీ సాగుతుంది. చుట్టిన కొసను మూడు కడ్డీల క్లిప్పులోంచి పోనిచ్చి మళ్ళీ వెనక్కి తిప్పి దూర్చారా లేదా నీ కళ్ళతో చూడు. ఆ రెండో మడత మరిచిపోతే, చేత్తో లాగితే ఆగుతుంది గానీ బరువు పడితే జారిపోతుంది. కొస బెత్తెడు మిగలాలి.

నేలకు బిగించే చోట రేకు కింద మందపాటి ఇనుప పలక ఉండాలి. ఒట్టి రేకుకు బోల్టు వేస్తే కాగితం చిరిగినట్టు చిరుగుతుంది. పట్టీ మీద గడువు తేదీ చూడు. ఒకసారి గుద్దుకున్న బండిలోవి ఊరికే ఇచ్చినా తీసుకోకు. వాటి నేత అప్పటికే సాగిపోయి ఉంటుంది, చూస్తే తెలియదు.

నడుం పట్టీ అన్నిటికంటే ముఖ్యం. అది కడుపు మీద కాదు, కిందుగా తుంటి ఎముకల మీద కూర్చోవాలి. దాన్నే ముందు బిగించి, ఆ తర్వాతే భుజాలవి లాగాలి. లేకపోతే అవి నడుం పట్టీని కడుపు మీదికి ఎత్తేస్తాయి. కాళ్ళ మధ్య పట్టీ ఉన్నది అది పైకి రాకుండా పట్టుకోవడానికే. దెబ్బను ఎముక ఓర్చుకుంటుంది, మెత్తటి కడుపు ఓర్చుకోలేదు. ఈ పనిలో నేను నేర్చుకున్నదంతా ఆ ఒక్క మాటే.

చివర ఇంకో మాట అడిగావు. “అన్న బెల్టుకు వేసిన బోల్టు పాతదా అప్పా? తెలిసే వేశావా?” ఆ వాక్యం దగ్గర నీ కలం ఆగినట్టుంది, సిరా ముద్దగా ఉంది. ఇన్నేళ్ళూ అడగకుండా ఎలా ఉన్నావమ్మా.

వాడి భుజం పట్టీని అడ్డగొట్టానికి పట్టి ఉంచిన ఆ బోల్టు కొత్తది. నేనే కొన్నాను, నేనే బిగించాను. ఇప్పటికీ బిగువుగానే ఉంది. టార్పాలిన్ ఎత్తి ఎవరు పానా పట్టి చూసినా తెలుస్తుంది, అందుకే మీ అమ్మను తప్ప ఎవరినీ ఎత్తనివ్వను.

నీకు గుర్తుండే ఉంటుంది, ప్రతి రేసుకూ మీ అమ్మ కొండ మీది మురుగన్ గుడి విభూతి తెచ్చేది. కదిర్ నుదుట పెట్టేది, స్టీరింగుకు పెట్టేది, చివరికి వాడి పొట్ట దగ్గర పట్టీలన్నీ వచ్చి కలిసే బకిల్ మీద బొటనవేలితో అద్ది, “నా కొడుకును పట్టుకోవడం నీ పనే స్వామీ” అనేది. మన దగ్గర ఎవరు పెట్టరు? చక్రం కింద నిమ్మకాయ, బానెట్ మీద కుంకుమ. ఆ దేవసహాయం సారే చేత్తో శిలువ గీసేవాడు. ఆ రోజు వాడి జన్మనక్షత్రం. విభూతిని గంధం నీళ్ళతో తడిపి తెచ్చింది. నేను నడుం పట్టీ బిగించి భుజాలవి లాగుతుంటే వాడు ఎప్పటిలాగే “ఇంకొంచెం లాగప్పా” అన్నాడు. ఇంకొంచెం లాగాను. బకిల్‌లో దూరే ఒక్కొక్క పట్టీ నాలుకనూ పట్టి గుంజి చూశాను. అన్నీ ఆగాయి.

టైర్ల గోడను గుద్దినప్పుడు ఎడమ భుజం పట్టీ ఊడింది. ఆ తర్వాతి సంగతి నీకు తెలుసు.

బండిని షెడ్డుకు తెచ్చారు. క్లబ్బువాళ్ళు రాకముందే బెల్టుల నుంచి బకిల్ విడదీసి, బల్ల మీది వైస్‌లో బిగించి తెరిచాను. లోపల బూడిదరంగు ముద్ద, సున్నంలా గట్టిపడి ఉంది. ఒక్క రోజుది కాదు. రేసు రేసుకూ పొర మీద పొర, పైన గంధం. ఎడమ భుజం పట్టీ నాలుక సగమే లోపలికి పోయి కూర్చుంది. నా చేతి గుంజుడుకు అది చాలింది, ఆ దెబ్బకు చాలలేదు.

చేతిలో అది పట్టుకుని నిలబడ్డాను కయల్. గుమ్మంలో మీ అమ్మ. నుదుట బొట్టు చెదిరి ఉంది, వేలి గోరులో ఇంకా తెల్లగా విభూతి. “ఏం విరిగింది? ఏం విరిగిందో చెప్పండి” అంది. నేను “బోల్టు” అన్నాను. “నేను సరిగా బిగించలేదు” అన్నాను. ఆలోచించి అన్నది కాదు, నోట్లోంచి అదే వచ్చింది. క్లబ్బువాళ్ళకూ అదే చెప్పాను, నా మాటే చాలనుకుని వాళ్ళు పానా పెట్టి చూడలేదు. ఆవిడ ఆ రోజు నన్ను కొట్టింది. కొట్టగలిగింది గనకే బతికింది అని నా నమ్మకం.

ఇందులో పూర్తి అబద్ధం కూడా లేదు. ఆ వేలు బకిల్ మీదికి పోతుంటే పక్కనే నిలబడి నేనూ దండం పెట్టుకునేవాణ్ణి.

ఇప్పుడు నా బతుకు ఎలా ఉందో చెప్పనా? పొద్దున్నే మీ అమ్మ షెడ్డుకు వస్తుంది. టార్పాలిన్ ఒక పక్క తొలగించి, ఖాళీ సీటులో వాడి పొట్ట ఉండే చోట బొటనవేలితో విభూతి పెడుతుంది. నేను లేతు ఆన్ చేసి అటు తిరిగి నిలబడతాను. ఆ చప్పుడులో కూడా వినిపిస్తుంది, “ఇంకొంచెం లాగప్పా” అని. ఒక్కోసారి చేతులు వాటంతట అవే బిగుసుకుంటాయి, ఏదో పట్టీ పట్టుకున్నట్టు. ఆవిడ వెళ్ళాక సీటు తుడుస్తాను. తెల్లారి మళ్ళీ పెడుతుంది. సీటు బట్టలోకి ఇంకిపోయింది, ఇక పోదు.

ఇదంతా నాతోనే పోతుందనుకున్నాను. నువ్వు రేసుకు దిగుతున్నావని ఫోన్‌లో చెప్పిన రోజు మీ అమ్మ ఏడవలేదు. వంటింట్లోకి పోయి గ్రైండర్‌తో అంది, “దీనికీ వాడి పిచ్చే పట్టింది. పోనీ. వాడికి ఈ మనిషి బోల్టు తప్పింది గానీ నా స్వామి తప్పలేదు. దాని బెల్టుకు నా చేత్తో నేనే పెడతాను.” ఆ సాయంత్రమే కొండకు పోయి పెద్ద పొట్లం తెచ్చింది. గంధం చెక్క కూడా పెట్టెలో సర్దింది. అందుకే రాస్తున్నాను, లేకపోతే రాసేవాణ్ణి కాదు.

రేసు మానెయ్యమని చెప్పను. చెప్పినా వినవు, నా కూతురివి. కానీ ఆ వేలు నీ బకిల్‌ను తాకకూడదు. అక్కడి తనిఖీవాళ్ళు ఎవరినీ ముట్టుకోనివ్వరు, ముట్టుకుంటే పందెంలోంచి తీసేస్తారు అని చెప్పు. నింద రూలు మీదికి పోనీ. పాత బెల్టుది పనికిరాని బకిల్ ఒకటి సంపాదించి ఆవిడ చేతికియ్యి, కావలసినంత పూసుకోనీ, పూజ చేసుకోనీ. అది బండిలో పెట్టుకోకు, కట్టని వస్తువేదీ లోపల ఉండకూడదు. నుదురు మాత్రం వంచు, నిండుగా పెట్టించుకో. నేను దేవుణ్ణి కాదనలేదమ్మా. ఎంత చెప్పినా ఆవిడ కన్నుగప్పి అద్దేస్తే, ఆ రోజు బండి ఎక్కకు. కడుపునొప్పి అను, ఏదో ఒకటి అను. బకిల్ మార్చాకే ఎక్కు.

కారణం మాత్రం ఎప్పటికీ చెప్పకు. నిజం తెలిస్తే నా మీద జాలి కలుగుతుంది నీకు, అది మీ అమ్మకు కనిపిస్తుంది. నీ ముఖంలో ఏదీ దాగదు. కాబట్టి ఒక సాయం చెయ్యి. అక్కడ వంటింట్లో కూర్చుని ఆవిడ నన్ను తిడుతుంది, కొడుకును తిన్నవాడు అంటుంది. అడ్డు రాకు. నా తరఫున ఒక్క మాట కూడా మాట్లాడకు. వీలైతే నువ్వూ ఒక తిట్టు కలుపు. ఈ బరువు నా మీద కూర్చుని చాలా కాలమైంది, ఇక్కడ ఎముక ఉంది, ఆగుతుంది. ఆవిడ మీదికి జారితే ఆగదు.

చదివాక ఈ కాగితాలు కాల్చెయ్యి. బదులు రాసేటప్పుడు ఇంటి అడ్రసుకే రాయి, అమ్మ చదివేలా రాయి. బెల్టులు బాగా బిగించారని, అప్పా చెయ్యి పడలేదు గనక భయం లేదని రాయి.

ఇట్లు,
బోల్టు సరిగా బిగించని
మీ అప్పా,
మయిలస్వామి