కుస్తీ జట్టు ఆఖరి పోటీ

ఏమండీ,

మీరు పోయి ఏడాదైంది. ఇవాళ మీరు పాఠాలు చెప్పిన కాలేజీ కుస్తీ జట్టు ఆఖరి పోటీకి అమ్మాయితో వెళ్ళాను. మ్యాచ్‌ల టీవీ ప్రసారాల డబ్బు వస్తుందని కాలేజీ పెద్ద కాన్ఫరెన్స్‌లో, అదే పెద్ద కాలేజీల ఆటల లీగ్‌లో, చేరుతోంది. ఇక ఫుట్‌బాల్ జట్టు అమెరికా ఆ చివరి రాష్ట్రాలకు విమానాల్లో వెళ్ళాలట. ఆ ఖర్చు కోసం కుస్తీని ఎత్తేశారు.

మన వంటింట్లో మీరు లెక్కలు చెప్పిన జట్టు పిల్లలంతా ఇవాళ ఓడిపోయారు.

"నాన్న ఉంటే కాలేజీ ప్రెసిడెంట్‌తో ఫైట్ చేసేవారు కదమ్మా?" అంది అమ్మాయి.

"చేసేవారు. ఓడిపోయేవారు," అన్నాను.

కోచ్ నా దగ్గరికొచ్చి, "వీళ్ళకేం చెప్పాలో నాకు తెలియట్లేదు. మీరు మాట్లాడతారా?" అన్నాడు. పిల్లల దగ్గరికి వెళ్ళి, "ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి," అన్నాను. అందరూ వస్తామన్నారు.

ఒంట్లో ఓపిక లేదు. అయినా ఇంటికొచ్చాక అలమర పైనుంచి పెద్ద గిన్నె కిందికి దించాను.