తొమ్మిది ఎక్స్‌రేలు

వాట్‌గంజ్, జూన్ 4

లాయరమ్మ సమీర గారికి, వాట్‌గంజ్ బైరాగి పెట్టుకొనే దండాలు.

ఫోన్ చెయ్యమన్నారు. చేస్తే మీకు దగ్గు వినపడుతుంది గానీ సంగతి వినపడదు. అందుకే ఉత్తరం. రేకుల ఫ్యాక్టరీలో ఆస్‌బెస్టాస్ బస్తాలు విప్పి దులిపినవాళ్ళం తొమ్మిది మందిమి, అందరం శ్రీకాకుళం నుంచి ఈ బెంగాలీ దేశానికి వలసొచ్చినవాళ్ళమే. ఆరుగురు పోయారు. మిగిలిన ముగ్గురికీ తొందర లేదు గానీ మా ఊపిరితిత్తులకే తొందరగా ఉంది. దావా ఎక్కడిదాకా వచ్చింది? మా ఆవిడ జగ్గమ్మ రోజూ అడుగుతోంది: "ఏటయ్యా, నువ్వు ముందెల్తావా, తీర్పు ముందొస్తాదా?"

ఇట్లు, దగ్గు మధ్యలో,
బైరాగి

తా.క. కాగితం మీద తెల్లపొడి కనిపిస్తే భయపడకండి. అది రొట్టెల పిండి. ఫ్యాక్టరీది నేనెవరికీ ఇవ్వను, అంతా లోపలే దాచుకున్నాను.

సాల్ట్ లేక్, జూన్ 12

బైరాగి గారికి నమస్కారాలు.

కబురు బాగాలేదు. దుమ్ము వల్ల జబ్బు వచ్చిందని దావా వేస్తే, అది ఆ పనిలోనే వచ్చిందని మనం చూపించాలి. ఫ్యాక్టరీలో చివరిసారి తీసిన ఎక్స్‌రేలను కంపెనీ కోర్టులో పెట్టింది. తొమ్మిదీ మచ్చ లేకుండా అద్దాల్లా ఉన్నాయి. పనిలో ఉన్నంతకాలం అందరూ ఆరోగ్యవంతులేనట, తర్వాత బీడీలు తాగి చెడగొట్టుకున్నారట.

అయితే ఒక ఆశ ఉంది. ఆ ఫిల్ములు వెలుగుకు పెట్టి చూశాను. తొమ్మిది మందికీ ఎడమ భుజం ముందరి ఎముక ఒకేచోట విరిగి, ఒకేలా వంకరగా అతుక్కుంది! బస్తాలు మోయడం వల్లే అయ్యుంటుంది. దుమ్ము దావా పోతే ఎముక దావా వేద్దాం.

ఉత్సాహంతో,
సమీర

తా.క. ఇలాంటి జబ్బు మా సీనియర్ కూడా వినలేదట. దీనికి మీ పేరే పెట్టొచ్చు.

వాట్‌గంజ్, జూన్ 17

లాయరమ్మకు బైరాగి దండాలు.

మీ ఉత్తరం చదివితే జగ్గమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వితే దగ్గొస్తుందని నేను మానేశాను. మీరన్నది నిజమే. ఎముకలేం ఖర్మ, మా జాతకాలే వంకరపోయాయి. వేసెయ్యండి దావా. మళ్ళీ పరీక్షలంటూ ముసలాళ్ళను తిప్పకండి, బస్సులెక్కలేరు.

తమ విధేయుడు,
బైరాగి

తా.క. ముఖ్యంగా మా మిగిలిన ముగ్గురిలో ఒకడు, మెటియాబ్రుజ్‌లో ఉండే మురళీమోహన్‌ని పంపకండి. వాడికి ఆసుపత్రి వాసన పడదు.

సాల్ట్ లేక్, జూన్ 20

బైరాగి గారికి,

మీ ఉత్తరం వచ్చేసరికే మీ స్నేహితులిద్దరికీ కొత్త ఎక్స్‌రేలు తీయించేశాను. ఊపిరితిత్తుల నిండా మచ్చలే. ఎముకలు మాత్రం స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. వంకరగా అతికిన ఎముక తనంతట తాను తిన్నబడదని డాక్టరు నన్ను చూసి నవ్వాడు. మురళీమోహన్ గారిని అడిగితే "నాకేటీ తెల్దమ్మా" అని గోడవైపు తిరిగిపోయారు.

అంటే తొమ్మిదిసార్లూ యంత్రం ముందు నిలబడింది ఒక్కడే. అతను కోర్టులో ఆ మాట చెబితే కంపెనీ ఎక్స్‌రేలు చెల్లవు, ఎనిమిది కుటుంబాల దావా నిలుస్తుంది. అతనిది మాత్రం మోసం కింద కొట్టేయొచ్చు, తిరిగి అతని మీదే కేసు పెట్టొచ్చు. సోమవారం వాయిదా. ఎవరతను?

సమీర

తా.క. మిమ్మల్ని చొక్కా గుండీ విప్పమనడానికి మొహమాటంగా ఉంది.

వాట్‌గంజ్, జూన్ 22

అమ్మా,

మొహమాటం ఎందుకు, ఆ ఎముక నాదే. క్రేను కొక్కెం తగిలి విరిగింది.

ఎక్స్‌రేలో మచ్చ కనబడితే మర్నాడే గేటు బయటకు తోసేవాళ్ళు. అప్పటికి శుభ్రంగా ఉన్నది నా ఛాతీ ఒక్కటే. పేరు చీటీ మార్చి, చొక్కా మార్చి, మళ్ళీ మళ్ళీ వరసలో నిలబడ్డాను. డాక్టరు చీటీ చూసేవాడు, మొహం చూసేవాడు కాదు. గొప్ప తమాషా చేశానని ఆ సాయంత్రం అందరూ నాకు టీ తాగించారు. ఆ తమాషా వల్లే, మళ్ళీ ఎక్స్‌రే అన్నదే లేకుండా, వాళ్ళు ఇంకో అయిదేళ్ళు ఆ దుమ్ములో ఉన్నారు. అది నేనెవరికీ చెప్పుకోలేదు.

నిన్న జగ్గమ్మకు చెప్పాను. ఈసారి నవ్వలేదు. రొట్టెల పిండి కలుపుతూనే అంది: "ఆళ్ళ బదులు ఎనిమిదిసార్లు నిలబడ్డావు గదా. తొమ్మిదోసారి కోర్టులో నిలబడితే కాళ్ళు నొప్పేటి?"

సోమవారం వస్తున్నాను. నా పేరు కొట్టేసి మిగతా ఎనిమిదీ ఉంచండి.

ఇట్లు,
ఈసారి సొంత పేరుతోనే,
బైరాగి

తా.క. అప్పట్లో ఎక్స్‌రే తీసేవాడు "దమ్ బొంధో!" అని బెంగాలీలో అరిచినప్పుడల్లా ఎనిమిది మంది కోసం ఊపిరి బిగబట్టాను. కోర్టువాళ్ళు మళ్ళీ తీయిస్తే ఆ అరుపు వద్దనండి. బిగబట్టడానికి లోపలేం మిగల్లేదు.