కాలరుకు తగిన దారం

ప్రియమైన అక్కకు,

ఐదు నెలలుగా ఉత్తరం రాయలేదు. కారణం చెబుదామని కూర్చుంటే ఏ కారణమూ ఉత్తరం మొదలుపెట్టేంత పెద్దది కాదనిపిస్తోంది. అలిసిపోయాను, అంతే. మా ఆసుపత్రి లాండ్రీలో ఇద్దరు మానేశారు. వాళ్ళ చోట ఎవరినీ తీసుకోలేదు. తడిసిన దుప్పటి ఎంత బరువుంటుందో నీకు చెప్పనక్కర్లేదు. అలాంటివి రోజుకి నాలుగైదు వందలు ఆరబెట్టే డబ్బాలోకి ఎత్తాలి. గదికి వచ్చేసరికి తలుపు తాళం తిప్పడానికి కూడా మణికట్టు ఒప్పుకోదు.

నాతో పనిచేసే ఒకామె మొన్న నీ పాత ఉత్తరం కవరు చూసి, ఈ అక్క ఎవరని అడిగింది. మా ఆయన అన్నగారి భార్య, తోడికోడలు అన్నాను. మీ ఆయన పోయి ఐదేళ్ళయిందన్నావు కదా, ఇంకా ఉత్తరాలేమిటి అంది. నవ్వి కవరు సంచిలో పెట్టుకున్నాను.

ఇంతకీ పని ఏమిటంటే, మా లాండ్రీలో ఒకామెకి పెళ్ళి. మరో మూడు నాలుగు నెలల్లో. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు, అంతకు మించి హడావిడి లేదు. ఆమె గౌనుకి ఒక లేసు కాలరు చేసివ్వాలని ఉంది. నువ్విచ్చిన లేసు అల్లే దిండు బీరువా మీద నుంచి దింపాను. దారం చుట్టే కండెలన్నీ లెక్కకు సరిగ్గా ఉన్నాయి. దారమే ఏది తీసుకోవాలో తెలియడం లేదు. షాపులో నిలబడితే గోడంతా తెల్లటి రీళ్ళే. అరగంట నిలబడి ఏమీ కొనకుండా వచ్చేశాను. నువ్వు చెప్పు.

బావగారి దగ్గు తగ్గిందా?

నీ చెల్లెలు

* * *

చెల్లీ,

ఐదు నెలలు కాదు, ఆరు. నేను లెక్కపెట్టాను.

బావగారి దగ్గు తగ్గలేదు, అలవాటైంది. నా కళ్ళకి కొత్త అద్దాలు వచ్చాయి. వాటితో దూరంగా ఉన్నవన్నీ కనిపిస్తున్నాయి, చేతిలో ఉన్నదే కనిపించడం లేదు. ఇప్పుడు పొద్దున్న పది నుంచి పన్నెండు వరకు, కిటికీ దగ్గర ఎండ ఉన్నంతసేపే లేసు పని. తర్వాత నడుం వాలుస్తాను.

దారం సంగతి. నువ్వు పని నేర్చుకునేటప్పుడు నేనే దారం చేతికిచ్చేదాన్ని కాబట్టి ఎంచుకోవడం నీకు రాలేదు. తప్పు నాదే. చిన్నోడు కూడా అనేవాడు, "వదినా, నా పెళ్ళానికి ఈత నేర్పుతూ నడుం వదలడం లేదు నువ్వు" అని.

ముందు మిషను దారం జోలికి పోకు. అది జారుతుంది, దిండుకి గుచ్చిన గుండుసూదులు తీయగానే పట్టు వదిలేస్తుంది. అవిసె దారం, అదే లినెన్, గట్టిగా నిలబడుతుంది, కాలరుకి బాగుంటుంది, కానీ మధ్యమధ్య ఉండలుంటాయి, పొడిగా ఉంటే పుటుక్కున తెగుతుంది. నూలు మెత్తన. పట్టు అందం, పొగరు రెండూ ఉన్నది. కొనేముందు ఒక మూర లాగి చూడు. పురి విడిపోతే వద్దు.

నమూనా అట్ట మీద రాసిన దారం దొరక్కపోతే కంగారు పడకు. స్కేలు మీద దారాన్ని ఖాళీ లేకుండా, ఒకదాని మీదొకటి ఎక్కకుండా చుట్టి, సెంటీమీటరుకి ఎన్ని చుట్లు పడ్డాయో చూడు. నీ దగ్గరున్న నమూనాకి ముప్పై పడాలి. అంతకంటే తక్కువ పడితే దారం లావు, లేసు అట్టముక్కలా బిగుసుకుంటుంది. ఎక్కువ పడితే సన్నం, దోమతెరలా వేలాడుతుంది. రెండంగుళాల మచ్చు చేసి పంపు. కొలతలు కూడా పంపు. కాలరు మెడను బట్టి ఉండాలి, మన ఇష్టాన్ని బట్టి కాదు.

తొడుక్కునే ఆమె వయసెంత? చామనఛాయా, తెలుపా? ఒక్కరోజు కోసమా, తర్వాత కూడా తొడుక్కుంటుందా? ఇవి తెలియకుండా దారం చెప్పమంటే రోగిని చూడకుండా మందు అడిగినట్టు ఉంటుంది.

అక్క

* * *

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివి, స్కేలు పట్టుకుని షాపుకి వెళ్ళాను. షాపతను నన్ను చూసి వేరే గుమాస్తాను పిలిచాడు.

మూడు మచ్చులు పంపుతున్నాను. మొదటిది అవిసె. నాలుగు చోట్ల తెగింది, ముడులు నీకే కనిపిస్తాయి, తిట్టకు. రెండోది పట్టు. దాని కథ వేరు. బ్లీచింగు నీళ్ళలో ఉండి ఉండి నా వేళ్ళ చివరలు పగిలాయి. పట్టుదారం ప్రతి పగులులోనూ చిక్కుకుంటోంది. కండె విసిరినప్పుడల్లా చర్మం కొంచెం దారానికి ఇచ్చుకోవడమే. మూడోది నూలు. అది మా మిషన్ల మెకానిక్ ఎక్కడో మూసేస్తున్న బట్టల కొట్లో చూసి తెచ్చిపెట్టాడు. దానితో చెయ్యి కాస్త సుఖంగా ఉంది. చుట్లు ఇరవై తొమ్మిది పడ్డాయి.

ఆమెకి నలభై దాటాయి. చామనఛాయ. తర్వాత కూడా తొడుక్కుంటుందో లేదో అడగలేదు. మెడ చుట్టూ పదమూడుంపావు అంగుళాలు. ఎడమవైపు అర అంగుళం ఎక్కువ వదలాలి, ఆ భుజం కొంచెం కిందికి ఉంటుంది.

ఈ వారం సెలవు లేదు. నిలబడే నిద్రపోతున్నాను. మిషను ఆగినప్పుడల్లా మెలకువ వస్తోంది.

నీ చెల్లెలు

* * *

చెల్లెలికి,

నూలుదే తీసుకో. ఇరవై తొమ్మిది సరిపోతుంది.

నువ్వు మా ఇంటికి వచ్చిన ఏడాది నీకు చలికోటు కుట్టింది నేను. ఎడమ భుజానికి లోపల అర అంగుళం మెత్త వేసిందీ నేనే. వేల మెడలు కొలిచినదాన్ని కాను, కానీ ఆ మెడ ఎవరిదో నాకు తెలుసు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగితే లోకం చూడదా?

వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు. ఎవరి పెళ్ళికి వాళ్ళే ఆడుకోమనలేదు.

ఎవరతను?

* * *

అక్కా,

నీ ఉత్తరం కింద సంతకం లేదు. కాగితం తిప్పి వెనక కూడా చూశాను.

ఆ మెకానికే. దుప్పట్లు ఇస్త్రీ చేసే పెద్ద మిషన్లు చూసుకుంటాడు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. భార్య వదిలేసి వెళ్ళి చాలా ఏళ్ళయింది. పిల్లలు లేరు. పోయినేడు నా చెయ్యి మిషను రోలరు దగ్గరికి వెళ్ళబోతే అవతల నుంచి వచ్చి కరెంటు ఆపేశాడు. అరవలేదు, తిట్టలేదు. "కూర్చోండి" అని తన స్టూలు ఇచ్చాడు. ఆ రోజు నుంచి నా మిషను పక్కన ఒక స్టూలు ఉంటుంది. ఐదేళ్ళలో నన్ను కూర్చోమన్న మొదటి మనిషి అక్కా. అంతే, ఇంతకంటే పెద్ద కథేమీ లేదు.

నీకు అబద్ధం ఎందుకు చెప్పానంటే భయం. నీ చిన్నోడిని తొమ్మిదేళ్ళ వాడిగా ఉన్నప్పుడు చెయ్యి పట్టుకుని తెచ్చుకున్నావు. అన్నం పెట్టావు, బడికి పంపావు, నాకిచ్చి చేశావు. ఆయన నీకు మరిది కాదు, కొడుకు. కొడుకు చోటులో ఇంకొకరిని తెచ్చి నిలబెడుతున్నానని నీకు ఎలా రాయను? ఆయనని మరిచిపోయాననుకుంటావని భయం. మరిచిపోలేదు. రోడ్డు మీద ఎవరైనా ఆయనలా చెయ్యి ఊపుతూ నడిస్తే ఇప్పటికీ ఆగి చూస్తాను.

ఒంటరిగా ఉండలేక కాదు. ఉండి ఉండి అలిసిపోయాను.

నువ్వు వద్దంటే దిండు మళ్ళీ బీరువా మీద పెట్టేస్తాను. బెదిరింపు కాదు. అతనికి కూడా అదే చెప్పాను. "మీ అక్కగారిని అడగండి, నేనుంటాను" అన్నాడు.

నీ చెల్లెలు

* * *

అక్కకు,

తొమ్మిది వారాలైంది. బావగారికి బాగాలేదేమోనని మీ వీధి చివరి మందుల షాపుకి ఫోన్ చేశాను. మీరిద్దరూ బాగానే ఉన్నారని, నువ్వు రోజూ కనిపిస్తావని చెప్పాడు. మనసు కుదుటపడింది. ఆ తర్వాత ఇంకోరకంగా బాధేసింది.

జవాబు రాకపోతే మానేస్తానని నేను రాయలేదు. వద్దంటే అన్నాను. నువ్వు వద్దనలేదు. అవుననీ అనలేదు. ఆ రెంటి మధ్యలో నిలబడి వారానికి ఒక అంగుళం చేసుకుంటూ వచ్చాను. ఇరవయ్యో తారీకున సంతకాలు. నిన్ను రమ్మని అడిగే ధైర్యం లేదు.

కాలరు పూర్తి కాదు. ఇంకా నాలుగంగుళాలు ఉండగా దారం అయిపోవచ్చింది. ఆ కొట్టు మూసేశారు. అదే పేరు, అదే నంబరు రీలు ఇంకోచోట దొరికితే తెచ్చాను. పక్కన పెట్టి చూస్తే పాతది మీగడ, కొత్తది సున్నం. కాలరు లేకుండానే వెళ్తాను. ఈ మాత్రం దానికి ఎవరూ ఏమీ అనుకోరు.

ఇది నిన్ను ఏదో అడగడానికి రాసింది కాదు. చెప్పడానికి ఇంకెవరూ లేరు.

చెల్లెలు

* * *

నా చిట్టిచెల్లెలికి,

దీనితో పాటు చిన్న పెట్టె వస్తుంది. అందులో రెండు రీళ్ళున్నాయి. నువ్వు పంపిన మచ్చు పట్టుకుని ఆరు షాపులు తిరిగాను. షాపులో దీపం కింద అన్ని తెలుపులూ ఒకటే, అందుకని ప్రతి రీలూ గుమ్మం దాకా తెచ్చి ఎండలో చూశాను. ఐదో షాపువాడు నేను రీలు పట్టుకుని పారిపోతాననుకున్నట్టుంది, వెంటే వచ్చాడు. ఈ మోకాళ్ళతోనా నాయనా అన్నాను. ఆరో షాపులో, అడుగు అరలో దొరికాయి. మొదటే రెండు రీళ్ళు ఒకే పెట్టెలోవి కొనమని చెప్పాల్సింది. చెప్పలేదు. కొత్త దారాన్ని పాతదానితో జతగా పెట్టి నాలుగైదు కుట్లు రెండిటినీ కలిపి నడిపించు. ఆ తర్వాత పాతది వదిలెయ్యి. ముడి వెయ్యకు.

ఇక అసలు సంగతి. తొమ్మిది వారాలు ఎందుకు రాయలేదంటే, కోపం వచ్చింది. అబద్ధం చెప్పను. మొదటి వారమంతా నీ మీదే. రెండో వారంలో అది నీ మీద కాదని తెలిసింది. మిగతా ఏడు వారాలూ ఈ ఉత్తరం రాయలేక.

చిన్నోడు పోవడానికి మూడు రోజుల ముందు, నువ్వు బట్టలు తేవడానికి ఇంటికి వెళ్ళినప్పుడు, ఆసుపత్రిలో నేనొక్కదాన్నే ఉన్నాను. నన్ను దగ్గరికి రమ్మన్నాడు. "వదినా, దాన్ని మళ్ళీ పెళ్ళి చేసుకోమను. ఈసారి వంటొచ్చినవాణ్ణి చూసుకోమను" అన్నాడు. నవ్వాడు కూడా. నోరు ముయ్యరా అన్నాను. ముయ్యలేదు. "నువ్వు చెబితేనే వింటుంది. చెబుతావా?" అన్నాడు. సరేనన్నాను.

చెప్పలేదు. ఐదేళ్ళు చెప్పలేదు. మొదట్లో నీకు ఇంకా పచ్చిగా ఉంది, ఇప్పుడే ఎందుకని ఊరుకున్నాను. రెండో ఏడు నాకే నేను వేరే కారణాలు చెప్పుకున్నాను. నిజం ఏమిటంటే, నువ్వు ఇంకో ఇల్లు చూసుకుంటే వాడి కోసం ఏడ్చేది నేనొక్కదాన్నే మిగులుతాననిపించింది. మీ బావగారు మగవాడు, తమ్ముడి పేరెత్తితే లేచి బయటికి వెళ్ళిపోతారు. నీ ఉత్తరాల్లోనే వాడు ఇంకా నాతో మాట్లాడుతున్నట్టు ఉండేది. నువ్వక్కడ తడి దుప్పట్లు మోస్తూ ఒంటరిగా ఉన్నావని తెలిసి కూడా ఆ మాట నా దగ్గరే దాచుకున్నాను. నువ్వు నాకు భయపడి అబద్ధం ఆడావు. నేను ఎవరికీ భయపడకుండానే ఆడాను.

పోయిన గురువారం మీ బావగారికి చెప్పాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత, "ఆ మాట నీది కాదే. ఆ పిల్లది. ఇచ్చెయ్యి" అన్నారు. ఈసారి లేచి బయటికి వెళ్ళలేదు. అందుకని ఇచ్చేస్తున్నాను. ఆలస్యమైంది. క్షమించమని అడగను, ఆ పని నువ్వు తీరిగ్గా, నీకు ఓపిక ఉన్నప్పుడు చూసుకో. అసలు చెయ్యకపోయినా నేను తప్పు పట్టను.

ఇరవయ్యో తారీకున రాలేను. రాగలనేమోనని చాలా ఆలోచించాను. నీ పక్కన ఇంకొకరు నిలబడి సంతకం పెడుతుంటే నా మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నీ మంచి రోజున ఆ మొహం నీకొద్దు. ఆ తర్వాతి ఆదివారం వస్తాను, పదకొండు గంటల బండికి. మీ బావగారు కూడా వస్తానంటున్నారు, దగ్గు సంగతి ఆ రోజుకి చూసుకోవాలి.

స్టేషనుకి నువ్వు రావద్దు. అతన్ని పంపు. మీ ఇంటిదాకా నడవడానికి అరగంట పడుతుందని రాశావు ఒకసారి. నా నడకకి గంట అనుకో. ఆ గంటలో చిన్నోడి గురించి అతనికి చెప్పాలి. వాడు ఎలాంటివాడో తెలియకుండా వాడి చోటికి ఎవరూ రాకూడదు. తర్వాత అతని గురించి అతన్నే చెప్పమంటాను. ఎంతసేపు చెప్పినా వింటాను.

నువ్వు ఇంట్లో కూర్చుని ఉండు. ఆ రోజు ఏ పనీ చెయ్యకు.

ప్రేమతో,
మీ ఇద్దరికీ అక్క