దోమతెర ఇవతల

మే 4

నా రాత కోడి గెలికినట్టుంటుంది. ఒత్తులు ఎక్కడ పెట్టాలో తెలియక కొన్నిచోట్ల రెండేసి పెట్టాను. అయిదో క్లాసుతో బడి మాన్పించారు. చదివేవాళ్లు లేరు కాబట్టి క్షమించమని ఎవరినీ అడగక్కర్లేదు. అయినా క్షమించండి.

ఈ గెస్ట్‌హౌస్‌లో మా ఆయన వ్యాన్ నడుపుతాడు. నేను రూములు సర్దుతాను, పొద్దు వాలగానే మంచాలకు దోమతెరలు కడతాను. వెనక మెట్ల కింద గది మాది. పెళ్లయి ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచి ఆయనతో నేను మాట్లాడినవి ఊ, ఆఁ, అన్నం పెట్టనా. మాటలు లేక కాదు. ఆయన నా మొహంలోకి చూడగానే అన్నీ గొంతులోనే చతికిలబడతాయి.

మే 6, సాయంత్రం

పై రూములో చలి ప్రాంతం నుంచి ఒక టీచరమ్మ దిగింది. ఎండకు మొహం, పాదాలు కమిలిపోయి ఉన్నాయి. తెర అంచులు పరుపు కిందికి దోపుతుంటే, లోపల్నుంచి, కుళాయి నీళ్లు తాగొచ్చా అమ్మాయ్ అని అడిగింది. తెర వెనక ఆమెకు కళ్లూ ముక్కూ లేవు. మంచులో నిలబడ్డ మనిషిలా తెల్లగా ఉంది. నాకు భయం వెయ్యలేదు. పళ్లు తోముకోవడానికి కూడా వద్దండీ, కాచిన నీళ్లు కూజాలో పెట్టాను అన్నాను.

అంతటితో ఆగాల్సింది. ఆగలేదు.

చెప్పులు వేసుకునే ముందు దులపండి, కప్పలు పడుకుంటాయి అన్నాను. పొద్దున మార్కెట్ గోడ నీడన నడవండి, సాయంత్రానికి నీడ రోడ్డు దాటుతుంది, మీరూ దాటండి. మధ్యాహ్నం షాపు మూసి ఉంటే తలుపు కొట్టకండి, నిద్రలోంచి లేచినవాడు నవ్వుతూ అమ్మడు. ట్యాక్సీ ఎక్కక ముందే ఎంతో తేల్చుకోండి, ఎక్కాక బేరం పెడితే మర్యాద కాదు. ఎవరింటికైనా వెళ్తే గుమ్మం అవతలే చెప్పులు విప్పండి, వాళ్లు పర్లేదన్నా విప్పండి.

ఆమె ఎప్పుడు నిద్రపోయిందో తెలియదు. నేను మాట్లాడుతూనే ఉన్నాను.

మే 7

నా గొంతు అలా ఉంటుందని నాకే తెలియదు.

మే 11

టీచరమ్మ పక్క రూముల వాళ్లకు చెప్పిందట. కొత్తగా దిగినవాళ్లు వెలుగుండగానే మంచమెక్కి, తెర కట్టమ్మా అని పిలుస్తున్నారు. ఈరోజు ఒక ముసలి దంపతులు. దారి తప్పితే ఎలా అని ముసలాయన అడిగాడు. ఇక్కడివాళ్లకు తెలియదని చెప్పడం మొహమాటమండీ, తెలియకపోయినా చెయ్యి చూపిస్తారు, ముగ్గుర్ని అడిగి ఇద్దరి చెయ్యి ఎటు తిరిగితే అటు వెళ్లండి అన్నాను. ఈయనకు ఇంట్లో కళ్లజోడు వెతకడానికే ముగ్గురు కావాలమ్మా అందావిడ.

మూడు దాటాక వాన వస్తుంది, గొడుగు నిలవదు, ఎవరి అరుగు మీదైనా నిలబడండి, పొమ్మనరు అని చెప్పాను. వాళ్లు పలకరించకపోతే చిన్నబుచ్చుకోకండి, పక్కన నిలబడి వాన చూడటమే పలకరింపు అన్నాను. ఈ మాట నాకెవరు చెప్పారా అని ఆలోచించాను. ఎవరూ చెప్పలేదు.

నోట్లో నాలుకుందా పిల్లా నీకు, ఇన్నాళ్లు ఏ డబ్బాలో దాచావు అంది వంటావిడ. తల వంచుకుని గరిటెలు కడిగాను.

మే 14

టీచరమ్మ వెళ్లిపోయింది. స్టేషన్‌లో ఆయనే దించాడు. దారిలో ఆమె, మీ ఆవిడ ఎంత చక్కగా మాట్లాడుతుందయ్యా, అదృష్టవంతుడివి అందట. ఆయన నవ్వాడట. ఇంటికొచ్చాక నవ్వలేదు.

చెయ్యి కడుక్కున్నాక అన్నాడు. నాలుగు రోజులుండి పోయేవాళ్లతో గంటలకొద్దీ మాట్లాడతావు, నాతో ఒక్క మాట బరువా అన్నాడు. ఇష్టం లేకపోతే చెప్పు, కోప్పడను అన్నాడు. ఆ గొంతులో నిజంగానే కోపం లేదు. అందుకే భయమేసింది. మీ అన్నయ్యను ఆదివారం రమ్మంటాను, కొన్నాళ్లు అక్కడుండు, రావాలనిపిస్తే రా అన్నాడు.

వద్దనాలి. బొటనవేలితో గచ్చు గీకుతూ నిలబడ్డాను. ఆయన కాసేపు చూసి, సరే అని లేచి వెళ్లి ఫోన్ చేశాడు.

మే 15

సంచి సర్దలేదు.

మే 16, శనివారం

తెరలన్నీ ఉతికి డాబా మీద ఆరేశాను. గాలికి అన్నీ ఒక్కసారే ఊపిరి పీల్చి వదులుతున్నాయి. వాటి మధ్య నిలబడితే మెట్లు ఎటో, ఊరు ఎటో తెలియదు. మబ్బు పట్టింది. తెరలు తీయాలని ఆయన పైకొచ్చాడు. రెండు తెరల అవతల ఆగాడు. కళ్లూ ముక్కూ లేవు. భుజాలు మాత్రం ఆయనవే.

ఏమండీ, అక్కడే ఉండండి అన్నాను. ఉన్నాడు.

కొత్తగా దిగినవాళ్లకు చెప్పినట్టే చెప్పాను. నన్ను వెనక నుంచి పిలవకండి, ఉలిక్కిపడితే ఉన్న మాటా పోతుంది అన్నాను. తినేటప్పుడు నా మొహం చూడకండి, ముద్ద దిగదు. ఏదైనా అడిగితే వెంటనే జవాబు రాదు, అలా వీధి చివరిదాకా వెళ్లి రండి, అప్పటికి వస్తుంది. మీ వ్యాన్ చప్పుడు సందు మొదట్లోనే గుర్తుపడతాను, అయినా పొయ్యి దగ్గర్నుంచి కదలను, దాన్ని ఎదురుచూడకపోవడం అనుకోకండి. గచ్చు గీకితే మీరంటే ఇష్టం లేదని కాదు. వెళ్లడం ఇష్టం లేదని.

ఇంకా ఏమైనా జాగ్రత్తలున్నాయాండీ అన్నాడు ఆయన. నన్ను అండీ అన్నాడు.

ఉన్నాయి, చాలా రోజులు పడుతుంది అన్నాను.

వాన వచ్చింది. ఇద్దరిలో ఎవరమూ తెరలు తీయలేదు.

మే 17

గెస్టులందరినీ దోమలు కుట్టాయి. యజమానురాలు ఇద్దర్నీ కలిపి తిట్టింది. అన్నయ్య వచ్చి, సంచేదమ్మా అన్నాడు. నేను ఈమధ్యే దిగాను బావగారూ, ఇంకా ఏమీ చూడలేదు అన్నాడు ఆయన. అన్నయ్యకు అర్థం కాలేదు. భోంచేసి ఒక్కడే వెళ్లాడు.

ఈ కాగితాలు ఎవరికైనా దొరికితే పొయ్యిలో వేసేయండి. ముందు బాగా ఆరబెట్టండి. ఈ ఊళ్లో తడి కాగితం అంటుకోదు.