నర్సు వెళ్లిపోయిన ఊరు

నారిన్ జిల్లా సారి-బెల్ గ్రామంలో పుట్టి, ఆ ఊరికి పద్నాలుగేళ్లు ఒకే ఒక్క నర్సుగా పనిచేసి, ప్రస్తుతం రాజధాని బిష్కెక్ శివారు ఆక్-కియా బస్తీలో కాపురముంటున్న బుర్మకాన్ అనే నేను, అరవై ఎనిమిదో ఏట, తెలివిలో ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో రాసిన వీలునామా. డాక్టరు ఫిబ్రవరి దాకా అన్నాడు. నాకేమీ అనిపించలేదు. ఇంటికొచ్చి బంగాళాదుంపలు ఉడకేసుకున్నాను.

1. ఆక్-కియాలో ఖాళీ జాగాలో కంచె వేసుకుని, మట్టి ఇటుకలు కోసి కట్టుకుని, తర్వాత పట్టా పొందిన నా ఇల్లు, పెరడుతో సహా, నా తమ్ముడు టోక్టోసున్ కూతురు ఐచురోక్‌కు దాన విక్రయాది సర్వహక్కులతో చెందవలెను. ఐచురోక్ ఈ బస్తీ ఆస్పత్రిలో ఉన్న ఒక్క నర్సు. ఇప్పుడామెకు రష్యాలో ఉద్యోగం వచ్చింది. "ఇక్కడే ఉంటేనే ఇల్లు అని రాయక్కా, లేకపోతే మమ్మల్ని చూసేదెవరు?" అని వీధి వీధంతా నా గుమ్మంలో కూర్చుంది. అలా రాయడం లేదు. షరతు ఏదీ లేదు.

2. మా ఊరి పాత పెద్ద సాదిర్కుల్‌కు, 1996 అక్టోబరులో నన్ను ఉద్యోగం నుంచి వదిలిపెడుతూ అతను సంతకం చేసిన కాగితం. చేస్తూ నవ్వాడు. "నువ్వొక్కదానివి పోతే ఊరేమన్నా ఆగిపోద్దా ఏంటమ్మా?" అన్నాడు. నా వెనకాలే మొదట కడుపుతో ఉన్నవాళ్లు ఇక్కడికి వచ్చారు, తర్వాత ముసలివాళ్లున్న ఇళ్లవాళ్లు. పిల్లలు తగ్గి బడి మూసేశారు. మిగిలినవాళ్లు గొర్రెలమ్ముకుని దిగారు. అందరూ మొదటి నెల నా పెరట్లోనే పడుకున్నారు. ఈ వీధిలో పదిహేడిళ్లు మావాళ్లవే. సాదిర్కుల్‌ది నాలుగిళ్ల అవతల.

3. టోక్టోసున్‌కు మా అమ్మ కుట్టిన ఎర్ర ఉన్ని తివాచీ, నా గుర్రపు జీను. నన్ను సారి-బెల్ తీసుకెళ్లి పూడ్చాలని పట్టుబట్టవద్దు. కాలువ దాటాక ఉన్న ఖబరస్తాన్ చాలు.

4. ఐచురోక్‌కు ఒక నిజం. మీ అమ్మ కలియా ఎలా పోయిందని తొమ్మిదేళ్లప్పుడు అడిగితే జ్వరమన్నాను. జ్వరం కాదు. నేను ఊరొదిలేటప్పటికి ఆమెకు నెలలు నిండుతున్నాయి. అది నాకు తెలుసు. నేను వచ్చేసిన ఆరో వారంలో నువ్వు పుట్టావు. రక్తం ఆగలేదు. కనుమ దారి మంచుతో మూసుకుపోయింది. రక్తం ఆపే సూదిమందు ఊళ్లో నా మందుల బీరువాలో నాలుగు సీసాలుంది. మీ నాన్న తాళం పగలగొట్టి సీసాలన్నీ దుప్పటి మీద పరిచాడట. ఏది దేనికో చెప్పే మనిషి లేదు. అప్పుడు నేను నగరంలో ఒక ఆస్పత్రిలో పక్కబట్టలు ఉతుకుతున్నాను.

దారి తెరిచాక నిన్ను బొగ్గులారీలో తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. "ఇదిగో అక్కా, నీ పని" అన్నాడు. ఇరవై అయిదేళ్లలో ఆ సంగతి మీద ఇంకో మాట అనలేదు.

ఎందుకు వచ్చేశానంటే పెద్ద కారణం లేదు. చలికాలమంతా గుర్రమెక్కి కాన్పులకు తిరిగేదాన్ని. అలిసిపోయాను. తిప్పితే వేడినీళ్లొచ్చే కుళాయి కావాలనిపించింది. అంతే. ఏడుద్దామని చాలాసార్లు కూర్చున్నాను, రాలేదు. ఈ ఇల్లు మీ అమ్మకు బదులు కాదు. దానికి బదులు లేదు.

నువ్వు వెళ్లు తల్లీ. ఒక్కటి మాత్రం అడుగుతున్నాను, ఇది షరతు కాదు. వెళ్లేముందు ఆస్పత్రి మందుల గదిలో ప్రతి సీసా మీద అది దేనికో, ఎంత ఇవ్వాలో పెద్ద అక్షరాలతో రాయి. వీధిలో ఇద్దరికి సూది వేయడం నేర్పు. వాళ్ల చెయ్యి వణకడం ఆగాక టికెట్టు కొనుక్కో.

2021 నవంబరు 9, ఆక్-కియా.

(సంతకం) బుర్మకాన్

సాక్షులు:
ఉమ్సునాయ్, పాలమ్మే ఆమె, ఎదురిల్లు
ఎసెన్‌కుల్, వెల్డింగు షాపు, వీధి చివర