మస్తాన్ వేసిన కాపరి

మస్తానూ,

నువ్వు పోయి ఈ వారానికి ఏడాది. మన ప్రొద్దుటూరు వీధి గోడల నిండా ఇప్పుడు కొత్త బొమ్మలే. ఆ బొమ్మలేసే జట్టులోంచి, జనాన్ని గుంపుగా నడిపించి వాటిని చూపించే ఒకమ్మాయి వచ్చింది. ఆ గుంపుతో నేనూ తిరిగాను, చంకలో బైబిలు గ్రంథంతోనే. నువ్వు బోర్డులు రాసే కొట్టు చోట నగల షోరూము లేచింది.

చివరికి మా ప్రార్థన మందిరం గోడ దగ్గర ఆగాం. నువ్వు వేసిన గొర్రెల కాపరి అట్లే ఉన్నాడు, మనకు వీపు చూపిస్తూ. దైవానికి ముఖం గీయడం నీ మతంలో కుదరదన్నావు. వీపైతే వేస్తానన్నావు. "ఏం అయ్యగారూ, మీ దేవుడు అలిగినాడా?" అని వీధంతా నవ్వేది. "అలగలేదప్పా, ముందర నడుస్తాండాడు. మీరే యెనకబడినారు!" అని నేను గొంతు చించుకునేవాణ్ణి.

"దీన్ని తుడిచేసి రేపు ముఖంతో కొత్తది ఏస్తాం తాతా," అంది ఆ అమ్మాయి.

నాకు ఒళ్లు మండింది. గోడకు అడ్డం నిలబడ్డాను.

"ఇది ఏసింది మస్తాన్ సాయిబు. నమాజు ఆయప్పది, ప్రార్థన నాది. ఇద్దరికీ కుదిరిన బొమ్మ ఇదొక్కటే. తుడిచేదుంటే ముందు నన్ను తుడువు తల్లీ!"

ఆమె కాసేపు బొమ్మనే చూసింది. "సరే తాతా, ఉండనీ. మాసిన రంగు మాత్రం దిద్దుతాం," అంది.

ఆ తర్వాత అందరినీ గోడ ముందు నిలబెట్టి ఫొటో తీయబోయింది. నేను కాపరి వైపే తిరిగి ఉన్నాను. "తాతా, ఇట్ల తిరుగు!" అని అరిచింది.

నేను తిరగలేదు మస్తానూ. ఆ ఘడియలో నా ముఖం ఫొటోకు పనికొచ్చేట్టు లేదు.