తలూపిన అవ్వ

చిరంజీవి భువనకు అవ్వ ఆశీస్సులు. ఈడ అందరమూ బాగున్నాము. తాతకు దగ్గు తగ్గింది, బీడీలు తగ్గలేదు.

ఫోనులో చెప్పలేక ఉత్తరం రాసినానన్నావు. నేనూ అందుకే రాస్తున్నాను. ఎమ్మెస్సీ చదువుతూనే మొదటి ఏడాది పిల్లలకు లెక్కలు చెప్పమని హోసూరు కాలేజీలో నీకు అప్పగించినారు. "అర్థమయిందా?" అంటే అందరూ తలూపి, పరీక్షలో ఖాళీ కాగితాలు ఇచ్చినారని రాసినావు. నెలాఖరున మీ మేడంతో "నాకు చేతకాదు, ఈ క్లాసు వేరేవాళ్ళకు ఇవ్వండి" అని చెప్పేయనా అని అడిగినావు.

నాకు కోపం వచ్చింది. ఊరికే తలూపేవాళ్ళను బెంచీ ఎక్కించు అని రాయబోయినాను. అంతలో జరిగినదానితో ఏమి రాయాలో తెలియకుండా పోయింది.

మన గురుబరపల్లికి వ్యవసాయ కాలేజీ నుంచి రేణు అనే పిల్ల వచ్చింది. నీ ఈడుదే. మాకు అంటు మామిడి పెంచడం నేర్పితే ఆమెకు మార్కులంట. అంటు కట్టిన చోటుకు ఏ పక్క చిగుళ్ళు ఉంచాలో, ఏ పక్కవి తీసేయాలో గడగడా చెప్పింది. "అర్థమయిందా అవ్వా?" అనింది. పక్కన కూర్చున్న పుట్టమ్మ తల ఊగుతా ఉంటే నేనూ ఊపినాను. ఊరికంతా నేనే చదువుకున్నదాన్ని, మళ్ళీ చెప్పమని ఎట్లా అడిగేది?

చెప్పకుండా ఆపుకున్న మాట ఇప్పుడు చెబుతాను. నువ్వు కృష్ణగిరి నర్సరీ నుంచి తెచ్చి నాటిన అంటు మామిడి మొక్కను నేనే పాడు చేసినాను. ఉంచాల్సిన పైకొమ్మను కోసేసి, తీసేయాల్సిన, అంటు కింద మొలిచిన నాటు చిగురుకు నీళ్ళు పోసినాను.

రేణు మళ్ళీ వచ్చి చూసి కూలబడింది. "నాకు చెప్పడం రాలేదు అవ్వా."

"బాగానే చెప్తివి. తలూపింది నేను కదమ్మా!"

"నీ తల చూసే కదక్కా నేను ఊపింది!" అనింది పుట్టమ్మ.

ఆ పిల్ల చెప్పింది సరిగ్గానే, నేను విన్నదీ సరిగ్గానే. మరి తప్పు యాడ దూరిందో ఇప్పటికీ తేలడం లేదు.

రేణు ఇంకో మొక్క చూపించి కత్తి నా చేతికిచ్చింది. "నేను మాట్లాడను. నువ్వే చేయవ్వా." నా చేయి మళ్ళీ పైకొమ్మకే పోయింది. "ఆడే ఎందుకు?" అని మాత్రం అడిగింది. జవాబు వెతుక్కుంటే, నాకు ఏది తెలియదో అప్పుడు నాకే కనిపించింది.

క్లాసు వదిలేయాలో వద్దో నేను చెప్పలేనమ్మా. మేడం దగ్గరికి పోయే ముందు ఒక్కనాడు చాక్‌పీసు ఒక పిల్ల చేతికిచ్చి, నువ్వు బెంచీలో కూర్చో.

ఇదంతా అర్థమయిందా అని అడగను. ఏమి అర్థమయిందో రాయి.

ఇట్లు,
నీ మొక్కను కోసిన
నాగక్కవ్వ